నొప్పి లేనప్పుడే చేయించుకోవాల్సిన పరీక్ష: గర్భసంచి మూతి క్యాన్సర్ నుంచి తప్పించుకోవడం ఎలా

మా చిన్నమ్మది నర్సంపేట దగ్గర పల్లె. ముట్లుడిగి ఆరేళ్లు దాటాక ఒకరోజు మిరపతోటలో కాయ ఏరుతుంటే ఎర్రబట్ట కనిపించింది. ఇంటికొచ్చి పాత చీర చింపి పెట్టుకుంది, ఎవరికీ చెప్పలేదు. రెండు నెలల తర్వాత నేను ఊరికి పోయినప్పుడు దండెం మీద ఆ గుడ్డలు చూసి అడిగితే "ఏం కాలేదు బిడ్డా, వేడి చేసింది, సబ్జా గింజలు తాగితే తగ్గుతది" అంది. నేనూ నమ్మాను. ఆ తర్వాత నాలుగు నెలలు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు మింగింది. వాసన మొదలై, నడుము నొప్పితో కూర్చోలేని పరిస్థితి వచ్చాకే వరంగల్ తీసుకొచ్చాం. అప్పటికి మూడో స్టేజీ.

నేను డాక్టర్ను కాను. పరకాల వైపు ఒక బడిలో టీచర్ను. కానీ చిన్నమ్మ వెంట తిరిగిన ఆ ఏడాదిలో చూసింది, అడిగి తెలుసుకుంది, తర్వాత నేను చేయించుకున్నది అంతా మీకు చెప్పాలి. ఎందుకంటే ఈ జబ్బు మిగతా క్యాన్సర్ల వంటిది కాదు. ముందు వైరస్ వస్తుంది, దాని పేరు హెచ్‌పీవీ. భార్యాభర్తల కలయికలో అంటుకునే మామూలు వైరస్. చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఎక్కువమందికి రెండేళ్లలోపు దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం పోకుండా గర్భసంచి మూతి దగ్గర తిష్ఠ వేస్తుంది. అక్కడి కణాలు మెల్లగా మారి క్యాన్సర్ కావడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లపాటు ఏ నొప్పీ ఉండదు. ఆ నొప్పి లేని కాలంలో చూపించుకుంటే క్యాన్సర్ కాకముందే తీసేయొచ్చు. అయినా మన దేశంలో 2022లో సుమారు 1,27,000 మందికి కొత్తగా ఈ జబ్బు బయటపడింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు వందకు ఇద్దరు కూడా లేరు.

ముందు మీ లెక్క మీరు చూసుకోండి

మీకు ముప్పై దాటిందా? పెళ్లయిందా, లేదా ఒక్కసారైనా కలయిక జరిగిందా? అయితే ఈ పరీక్ష మీకే. ప్రభుత్వ లెక్కలో 30 నుంచి 65 ఏళ్ల వరకు, ఐదేళ్లకోసారి.

"నాకు పిల్లలు కాకుండా ఆపరేషన్ అయింది, ఇంకెందుకు?" అని మా బడిలో వంట చేసే అక్క అడిగింది. మన దగ్గర చాలామంది ఇరవై అయిదేళ్లకే ఆ ఆపరేషన్ చేయించుకుంటారు, ఆ తర్వాత గైనిక్ డాక్టర్ గడప తొక్కరు. ఆ ఆపరేషన్‌లో కట్టేది నాళాలను. గర్భసంచి మూతి అలాగే ఉంటుంది, వైరస్ కూడా అలాగే ఉండొచ్చు. ముట్లుడిగినా పరీక్ష అవసరమే. గర్భసంచి తీసేసినవాళ్లు మాత్రం డిశ్చార్జి కాగితం తీసి డాక్టర్‌కు చూపించండి. కొన్ని ఆపరేషన్లలో పై భాగమే తీసి మూతిని ఉంచేస్తారు, అలాంటివాళ్లకు పరీక్ష కావాలి.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో ఈ మార్పు చాలా త్వరగా వస్తుంది, ఐదు పదేళ్లలోనే రావచ్చు. వాళ్లు 25 ఏళ్లకే మొదలుపెట్టి, ఇంకా దగ్గర దగ్గరగా చేయించుకోవాలి. మందులు తీసుకునే ఏఆర్‌టీ సెంటర్‌లోనే అడిగితే ఎక్కడికి పోవాలో చెప్తారు.

ఇక ఇవి ఉంటే పరీక్షల క్యాంపు కోసం ఆగకండి: కలిసిన తర్వాత రక్తం, నెలసరికి నెలసరికి మధ్య రక్తం, ముట్లుడిగాక ఒక్క చుక్క అయినా ఎర్రబట్ట, కంపు కొట్టే నీళ్లలాంటి తెల్లబట్ట. ఇవి ఉంటే స్క్రీనింగ్ (ఏ బాధా లేనివాళ్లకు ముందుగా చేసే పరీక్ష) కాదు, నేరుగా గైనిక్ డాక్టర్ లోపల చూసి, అవసరమైతే ముక్క తీసి పరీక్షకు పంపాలి. చూడకుండా మాత్రలు రాస్తే, "లోపల చూడండి మేడం" అని మీరే అడగండి. చిన్నమ్మ విషయంలో మేం అడగనిది ఆ ఒక్క మాటే.

ఎక్కడికి పోవాలి, ఏ రోజు పోవాలి

మొదట మీ ఊరి ఆశా అక్కను అడగండి. ముప్పై దాటినవాళ్ల బీపీ, షుగర్ వివరాలు రాసుకోవడానికి ఆమె ఎలాగూ మీ ఇంటికి వస్తుంది. ఆ ఫారంలో తెల్లబట్ట, రక్తం గురించి కూడా ప్రశ్నలుంటాయి. గడపలో అత్తమ్మ, మామయ్య ఉంటే మనం "ఏం లేదు" అని చెప్పేస్తాం. ఆమెను లోపలికి పిలిచి నిజం చెప్పండి.

2023 మార్చి 8న మన తెలంగాణలో మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో మంగళవారాలు ఆడవాళ్లకే కేటాయించారు, గర్భసంచి మూతి, రొమ్ము పరీక్షలు అందులో ఉన్నాయి. మీ దగ్గరి పీహెచ్‌సీలో ఈ వారం జరుగుతుందో లేదో ఆశాతో ఫోన్ చేయించి పోండి, కూలి పోగొట్టుకుని ఊరికే తిరిగి రావద్దు. వరంగల్, హన్మకొండవాళ్లకు సీకేఎం ఆసుపత్రి, హన్మకొండ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. ప్రసూతి ఆసుపత్రి అంటే కాన్పులకే అనుకోకండి, గైనిక్ ఓపీ ఉంటుంది. పొద్దున్నే పోయి చీటీ తీసుకుంటే మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చు.

నెలసరిలో ఉన్నప్పుడు పోవద్దు. రక్తం ఆగిన నాలుగైదు రోజుల తర్వాత మంచిది. పోయే ముందు రెండు రోజులు భర్తతో కలవకూడదు, లోపల పెట్టే మాత్రలు, క్రీములు వాడకూడదు, లోపల కడుక్కోకూడదు. కాన్పయి మూడు నెలలు దాటాలి. గర్భంతో ఉంటే ఆ మాట ముందే చెప్పాలి.

చీర కట్టుకుని పోండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ బల్ల మీద దీని విలువ తెలుస్తుంది. చీరైతే లంగాతో కలిపి పైకి జరుపుకోవచ్చు, ఒళ్లు కప్పుకునే ఉండొచ్చు. డ్రెస్ అయితే ప్యాంటు మొత్తం తీయాలి. సంచిలో ఆధార్, రేషన్ కార్డు, పాత చీటీలు, ఒక ప్యాడ్ పెట్టుకోండి. తోడుగా అక్కనో వదిననో తీసుకుపోతే మరీ మంచిది, ఆమె కూడా చేయించుకుని వస్తుంది.

బల్ల మీద ఏం జరుగుతుంది

ఆడవాళ్లను ఆపేది ఇక్కడి భయమే కాబట్టి, నాకు జరిగింది జరిగినట్టు చెప్తాను.

ముందు బాత్రూంకి పోయి రమ్మన్నారు. కర్టెన్ వెనక బల్ల. పడుకుని మోకాళ్లు మడిచి, కాళ్లు రెండూ దూరం పెట్టాలి. సిస్టర్ నా మోకాళ్ల మీద గుడ్డ కప్పింది. "గట్టిగా బిగబట్టకక్కా, నోటితోని గాలి వదులు" అంది. బాతు ముక్కులా ఉండే పరికరం ఒకటి లోపల పెట్టి తెరుస్తారు, స్పెక్యులం అంటారు. చల్లగా ఉంది, ఒత్తినట్టు అనిపించింది. నొప్పి అనను, కాన్పు చూసినవాళ్లకు అది లెక్కలోకి రాదు. తర్వాత దూదితో మందు అద్దారు. వెంటనే వెనిగర్ వాసన వచ్చింది, నూడుల్స్ బండి దగ్గర వచ్చేదే. నిజంగానే అది వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం, నూటికి 3 నుంచి 5 పాళ్లు నీళ్లలో కలిపినది. అద్దాక ఒక నిమిషం ఆగాలి. మారిన కణాలుంటే అక్కడ తెల్లటి మచ్చ లేస్తుంది, మామూలు చోటు గులాబీ రంగులోనే ఉంటుంది. సిస్టర్ గోడ గడియారం చూస్తోంది, నేను ఫ్యాన్ రెక్కలు చూస్తున్నాను. ఆ నిమిషమే పొడుగనిపించింది. తర్వాత లైటు వేసి చూసి, "ఏం లేదక్కా, మంచిగుంది" అంది. బల్ల ఎక్కి దిగడం అంతా ఐదు నిమిషాలు.

దీన్నే వయా పరీక్ష అంటారు. ల్యాబ్ అవసరం లేదు, ఫలితం అక్కడే చెప్తారు, పల్లెల్లో ఇదే ఎక్కువ చేస్తారు. అయితే ముట్లుడిగినవాళ్లలో చూడాల్సిన చోటు లోపలికి జరిగిపోతుంది, వయాలో సరిగా కనపడదు. అలాంటివాళ్లు పాప్ స్మియర్ గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ అడగాలి. పాప్ స్మియర్‌లో చిన్న బ్రష్‌తో కణాలు తీసి ల్యాబ్‌కు పంపుతారు, మూడేళ్లకోసారి చేయించుకోవాలి. హెచ్‌పీవీ పరీక్ష వైరస్‌నే పట్టుకుంటుంది. మూడింట్లో అదే నమ్మకమైనది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మొదట దాన్నే చేయమంటోంది. అందులో ఏమీ లేదని వస్తే కనీసం ఐదేళ్ల వరకు మళ్లీ అక్కర్లేదు. దానికి నమూనాను మనమే దూదిపుల్లతో తీసి ఇచ్చే పద్ధతి కూడా ఉంది, డాక్టర్‌కు చూపించుకోవడానికి సిగ్గుపడేవాళ్లు దాని గురించి అడగండి. డబ్బు పెట్టుకోగలిగితే హెచ్‌పీవీ చేయించుకోండి. లేకుంటే వయా చాలు. ఏ పరీక్షా చేయించుకోకుండా ఉండటం కంటే ఏదైనా మేలే.

బల్ల దిగాక మూడు విషయాలు అడిగి నోటుబుక్కులో రాయించుకోండి: చేసిన పరీక్ష పేరు, ఫలితం, మళ్లీ ఎప్పుడు రావాలో. "బాగానే ఉంది పో" అన్న మాట ఐదేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

పాజిటివ్ అంటే

పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. ఇంట్లో ఈ మాట పదిసార్లు చెప్పుకోండి. హెచ్‌పీవీ పాజిటివ్ అంటే వైరస్ ఉందని, వయా పాజిటివ్ అంటే తెల్లమచ్చ కనిపించిందని. ఇన్‌ఫెక్షన్ వల్ల కూడా మచ్చ రావచ్చు.

ఇంకో మాట, ఇది మొగుడూ పెళ్లాల మధ్య గొడవ కాకూడదు. వైరస్ ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. పదేళ్ల కింద వచ్చి నిద్రపోయినట్టు ఉండి ఇప్పుడు బయటపడొచ్చు. రిపోర్టు చూసి భర్తను అనుమానించడం, భార్యను తిట్టడం రెండూ తప్పే.

తర్వాత కాల్పోస్కోపీ చేస్తారు. అదే బల్ల, అదే వెనిగర్ మందు, కాకపోతే భూతద్దం వంటి యంత్రంతో చూస్తారు. అనుమానం ఉన్నచోట మిరియం గింజంత ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. రిపోర్టులో సీఐఎన్ 1, 2, 3 అని ఉంటుంది, క్యాన్సర్ కాకముందు కణాలు ఎంతవరకు మారాయో చెప్పే అంకె అది. 1 అయితే చాలావరకు దానంతటదే పోతుంది, గమనిస్తూ ఉంటారు. 2, 3 అయితే ఆ పొరను తీసేయాలి. చల్లదనంతో గడ్డకట్టించడం, వేడితో కాల్చడం, లేదా లీప్ అనే కరెంటు తీగతో పలుచగా కోసి తీయడం. ఇవి కొద్ది నిమిషాల పనులు, చాలామంది ఆ రోజే ఇంటికి వచ్చేస్తారు, గర్భసంచి ఉంటుంది, తర్వాత పిల్లల్ని కనొచ్చు. కొన్ని వారాలు నీళ్లలా తెల్లబట్ట పోతుంది, అది మామూలే. నాలుగు వారాలు కలవకూడదు. జ్వరం, కంపు, ఎక్కువ రక్తం ఉంటే తిరిగి పోవాలి. ఏడాదికి మళ్లీ పరీక్ష.

"గర్భసంచి తీసేద్దాం" అంటే

దీని మీద కొంచెం గట్టిగానే చెప్తాను. మా వదినకు 33 ఏళ్లప్పుడు తెల్లబట్ట ఉందని ఒక ప్రైవేట్ నర్సింగ్ హోంకు పోయింది. స్కానింగ్ ఒక్కటి తీసి "సంచికి పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అన్నారు. వారంలో ఆపరేషన్ అయిపోయింది. పాప్ స్మియర్ లేదు, బయాప్సీ లేదు. ఇప్పుడామెకు నలభై నిండలేదు, మోకాళ్ల నొప్పులు, ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టదు. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు అన్నిటికంటే ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. ఒట్టి తెల్లబట్టకు గర్భసంచి తీయాల్సిన పని లేదు, చాలావరకు మందులతో తగ్గుతుంది.

ఇందులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. లోపల నిజంగా క్యాన్సర్ ఉండి, బయాప్సీ చేయకుండా మామూలు పద్ధతిలో గర్భసంచి తీసేస్తే చుట్టుపక్కల జబ్బు మిగిలిపోయి తర్వాతి వైద్యం కష్టమవుతుంది. అందుకే ఎవరైనా "తీసేద్దాం" అంటే, "పాప్ రిపోర్టు, బయాప్సీ రిపోర్టు చూపించండి, ఇంకోచోట అడిగి వస్తాం" అనండి. వారం ఆగితే ప్రాణం పోయే ఆపరేషన్ కాదది.

బయాప్సీలో క్యాన్సర్ అని వస్తే

ముందు స్టేజీ తేలాలి. డాక్టర్ లోపల చేత్తో చూస్తారు, ఎంఆర్‌ఐ లేదా సీటీ తీస్తారు, రక్తపరీక్షలు చేస్తారు. మూతి వరకే ఉన్న తొలి దశలో ఆపరేషన్‌తో నయం చేయొచ్చు, కానీ అది క్యాన్సర్ సర్జన్ చేయాల్సిన పెద్ద ఆపరేషన్. జబ్బు పక్కకు పాకితే ఆపరేషన్ చేయరు, రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో ఇస్తారు. "ఆపరేషన్ చేయం అన్నారంటే చేతులెత్తేసినట్టే" అని మా బంధువులు ఏడ్చారు. అది తప్పు. ఆ దశకు సరైన వైద్యమే అది.

ఆరోగ్యశ్రీలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు ఉంది, 2023 డిసెంబరులో పెంచారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర కార్డు, బయాప్సీ రిపోర్టు చూపించి, ఏ వైద్యం వరంగల్‌లోనే అవుతుంది, దేనికి హైదరాబాద్ పోవాలి అని అడగండి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. రేడియేషన్ వారానికి ఐదు రోజులు, దాదాపు ఐదు వారాలు. ఒక్కో సిట్టింగ్ నిమిషాల్లో అయిపోతుంది కానీ రోజూ పోయి రాలేరు. అక్కడ ఉండే చోటు, వెంట ఉండే మనిషి, వంట, ఇవి ముందే కుదుర్చుకోవాలి. నిజంగా కష్టపెట్టేది ఇదే.

చిన్నమ్మకు చదువు రాదు. పోయే ముందు ఇరవై అయిదు చింతగింజలు కొంగుకు కట్టుకుంది. సిట్టింగ్ అయిన ప్రతిరోజూ ఒక గింజ తీసి మందుల డబ్బాలో వేసేది. పదిహేనో గింజ దగ్గర విరేచనాలు, మూత్రంలో మంట పట్టుకున్నాయి. "పత్తి ఏరేటందుకు మనుషులు దొరుకుతలేరు, పోయి రెండు వారాలైనంక వస్త" అంది. ఆ రోజు డాక్టరమ్మ మంచం మీద కూర్చుని చెప్పింది, మొత్తం వైద్యం ఎనిమిది వారాల్లోపు ముగియాలి, మధ్యలో ఆపితే జబ్బు మళ్లీ బలపడుతుంది అని. విరేచనాలకు మందు ఇచ్చారు, పెరుగన్నం పెట్టాం, నీళ్లు ఎక్కువ తాగించాం, రక్తం తగ్గితే ఎక్కించారు. చివర్లో బ్రాకీథెరపీ ఉంటుంది, అంటే రేడియేషన్‌ను లోపలే మూతి దగ్గర పెట్టి ఇవ్వడం. బయటి రేడియేషన్ అవగానే "అయిపోయింది" అనుకుని ఇంటికి వచ్చేసేవాళ్లున్నారు. ఈ చివరిది వదిలేస్తే చేసిందంతా సగమే అవుతుంది.

తర్వాత రెండేళ్లు మూడు నెలలకోసారి చూపించుకోవాలి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి. లోపల బిగుసుకుపోవడం, పొడిబారడం ఉంటాయి, సిగ్గుపడకుండా చెప్తే దానికి సాధనాలు, క్రీములు ఇస్తారు. చిన్నమ్మకు ఇప్పుడు మూడో ఏడాది నడుస్తోంది, మొన్న దసరాకు బతుకమ్మ తనే పేర్చింది.

ఆడపిల్లలకు టీకా

హెచ్‌పీవీ వైరస్‌ను అడ్డుకునే టీకా 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వైరస్ తగలకముందే వేయాలి. ఈ వయసులో ఆరు నెలల తేడాతో రెండు డోసులు, 15 దాటితే మూడు. 9 నుంచి 20 ఏళ్లవాళ్లకు ఒక్క డోసు కూడా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మన దేశంలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ 2023 నుంచి దొరుకుతోంది, గార్డాసిల్ కూడా ఉంది. ఈ క్యాన్సర్లలో నూటికి 70 దాకా హెచ్‌పీవీ 16, 18 రకాల వల్లే వస్తాయి, ఈ టీకాలన్నీ ఆ రెంటినీ అడ్డుకుంటాయి. పిల్లలు పుట్టరన్న పుకారులో నిజం లేదు.

మా బడిలో తల్లిదండ్రులు ఖమ్మం సంగతి తప్పకుండా అడుగుతారు. అడగాల్సిందే. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక ప్రాజెక్టు కింద వేల మంది బాలికలకు ఈ టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ కమిటీ తేల్చింది, కానీ అనుమతి తీసుకున్న తీరును తప్పుపట్టింది. చాలామంది హాస్టల్ పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకం పెట్టారు. కన్నవాళ్లకు చెప్పకుండా పిల్లకు సూది వేయడం ముమ్మాటికీ తప్పు. అందుకే మీరు స్వయంగా పోండి, టీకా పేరు, తేదీ కార్డులో రాయించండి, చదివి సంతకం పెట్టండి.

నా బిడ్డకు పదకొండో ఏట వేయించాను. జబ్బకు సూది, రెండు రోజులు చెయ్యి నొప్పి. వేశాక పావుగంట అక్కడే కూర్చోబెట్టండి, ఈ వయసు పిల్లలు సూది చూసి కళ్లు తిరిగి పడుతుంటారు. పొద్దున ఖాళీ కడుపుతో తీసుకుపోవద్దు. పిల్లకు ఏం చెప్పాలి అని తల్లులు నన్ను అడుగుతారు. "పెద్దయ్యాక క్యాన్సర్ రాకుండా వేసే సూది" అంటే చాలు, ఆ వయసుకు అంతకు మించి వివరించక్కర్లేదు. కార్డు మాత్రం పదో తరగతి మెమోతో పాటు దాచండి, ముప్పై ఏళ్లకు ఆమె పరీక్షకు పోయినప్పుడు డాక్టర్ అడుగుతుంది. టీకా వేయించుకున్నా ఆ పరీక్ష తప్పదు.